నలభై తొమ్మిది పచ్చపూసలు

నాకు అనుమానం ఎక్కువ అంటారు. ఎక్కువే. తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో ఒకే ఇంట్లో నిలబడ్డానంటే ఆ అనుమానం పుణ్యమే. గ్యాస్ కట్టానా లేదా అని మూడుసార్లు చూస్తాను. మామా, అంటే ఈ ఇంటి యజమానురాలు, ఉంగరం తీసి సింకు పక్కన పెట్టిందనుకోండి, ముందు ఆమెను పిలిచి చూపించి, ఆమె చేతికి ఎక్కించాకే గిన్నెలు ముట్టుకుంటాను. అనుమానం లేని ఆడమనిషి పరాయి ఇంట్లో బతకలేదు.

నా పేరు బషీరా బీ. మాది రాయచోటి. జాబ్రియాలో ఈ ఇంటి వంట నాది, ఈ ఇంటి చంటివాడూ నాదే. వాడి పేరు హమద్, అందరికీ హమ్మూదీ. ఎనిమిది నెలలు. పుట్టిన మూడో రోజున ఆసుపత్రి నుంచి రాగానే మామా వాణ్ణి నా చేతుల్లో పెట్టి, "నీ కొడుకు అనుకో బషీరా" అంది. అనుకున్నాను. వాడికి ఒక్క తుమ్ము వచ్చినా జవాబు చెప్పాల్సింది నేనే అని కూడా అనుకున్నాను. అందుకే కొత్త పనిమనిషి ఇసతు ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజునే నా కన్ను దాని మీద పడింది.

రంజాన్ అయిపోయిన వారానికి వచ్చింది. సియెర్రా లియోన్ అట. ఆఫ్రికాలో ఉందట. ఆ పేరు పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి, పొడుగ్గా సన్నగా ఉంటుంది, మాట బహు తక్కువ. ఊడ్పు, బట్టలు, మిద్దె దానికి అప్పగించారు. మిద్దె మీది గదిలో నా మంచం పక్కనే దాని మంచం. మా ఇద్దరి మధ్యా నడిచేది కువైట్ వంటింటి అరబ్బీ. అందులో మాటల కంటే చేతులూపడమే ఎక్కువ. ఇక్కడ మాత్రం మన మాటల్లో చెబుతున్నాను.

మొదటి వారమే దాని తీరు తేడాగా ఉందని పసిగట్టాను. పొద్దున్నే మిద్దె మీద పూలకుండీల కింది పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు, ఏసీ కారి నిండిన బకెట్టు, పిట్టల కోసం బాబా, అంటే ఇంటి యజమాని, పెట్టించిన మట్టిమూకుడు, అన్నీ ఒక్కొక్కటిగా బోర్లించేది. ఒకరోజు కాదు, రోజూ. చుక్క నీటికి సముద్రాన్ని కాచుకునే దేశంలో నీళ్ళు పారబోసే మనిషిని ఏమనాలి? ఎందుకే అని అడిగితే "దోమలు" అంది. ఆ ఎండకు మనుషులే మాడిపోతున్నారు, దోమలెక్కడివి! నాలుగు మూలలా నీళ్ళు పోయడం ఏ తంతులో భాగమో నాకు తెలీదా?

ఆ తర్వాత దానాకు కడుపు పాడైంది. దానా అంటే మామా కూతురు, ఏడేళ్ళది. నేను జావ కాచేలోపు ఇసతు లీటరు సీసాలో నీళ్ళు పట్టి, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేసింది. వేయడం కూడా ఎలాగంటారా, చెంచా అంచును చాకుతో గీసి, ఒక్క రవ్వ ఎక్కువ కాకుండా. గుక్క గుక్కగా తాగించింది. సాయంత్రానికి దానా లేచి సోఫా మీద గెంతుతోంది. మంచిదే కదా అంటారు. నాకు మంచిగా అనిపించలేదు. ఉప్పును అంత శ్రద్ధగా కొలిచేవాళ్ళు నాకు రెండు రకాలే తెలుసు, ఒకరు పెళ్ళిళ్ళకు వండే వస్తాదులు, రెండోవాళ్ళు దిష్టి తీసేవాళ్ళు. ఇది వంట మనిషైతే కాదు.

చెత్త పారేయడానికి వీధిలోకి పోయినప్పుడు జకియాతో చెప్పాను. జకియా కడప మనిషి, పక్కింట్లో పని. దానికి తెలియని ఇల్లు జాబ్రియాలో లేదు.

"అక్కా, నువ్వు ఆ పిల్లను కనిపెట్టుకోనుండు," అంది జకియా చెత్తసంచి డబ్బాలోకి విసిరేసి. "మా పాత ఇంట్లో ఒకామె నడుముకు పూసల దండ కట్టుకోనుండె. ఆడి మామా సూసి సిహ్ర్ అనె. చేతబడి! ఇంగ ఆ మనిషిని యాడికి తోలిరో, జైలుకో దేశానికో, ఇంతవరకు తెల్దు."

"మా పిల్ల కాడ పూసలేం లేవులే మే."

"ఉంటాయి. నువ్వు సూళ్ళేదంతే. బిడ్డ నీ చేతిలో ఉండాడు అక్కా. రేపు వానికేమన్నా అయితే ఎవుర్ని అడుగుతారు? నిన్నా, ఆ పిల్లనా?"

నిప్పు రాజేసి జకియా తన గేటులోకి పోయింది. నేను చీపురు పట్టుకున్నా, గరిటె పట్టుకున్నా దాని మాటే చెవిలో జోరీగ.

రెండు రోజులకే చూశాను. మామా ఆఫీసులో ఉంది. పొయ్యి మీద అన్నం పెట్టి, హమ్మూదీ లేచాడేమోనని గది దగ్గరికి పోయాను. తలుపు సందులోంచి కనపడింది. వాడు నిద్రపోతున్నాడు. చొక్కా మెడ దాకా ఎత్తేసి ఉంది. ఇసతు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో పూసల దండ. కళ్ళార్పకుండా వాడి పొట్టనే చూస్తోంది. పెదాలు కదలడం లేదు. ఒక్కో పూస వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. అంతలో ఫోను టింగుమంది. దండను గుప్పిట్లో మూసి, చొక్కా దించి, వాడి నుదుటి మీద చేయి వేసి చూసి లేచింది. నేను వెనక్కి వంటింట్లోకి వచ్చేశాను. అప్పటికే అన్నం మాడింది.

అల్లా పేరు తలుచుకుంటూ తిప్పే తస్బీమాల అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్లా ముస్లిమే, నా పక్కనే నమాజు చేస్తుంది. కానీ నిద్రపోయే బిడ్డ చొక్కా ఎత్తి, అల్లా పేరు పెదాల మీద లేకుండా తిప్పే తస్బీ నా నలభై నాలుగేళ్ళలో నేను చూడలేదు.

పూసల కంటే నన్ను భయపెట్టింది ఆ చూపు. అలాంటి చూపు అంతకుముందు ఒక్కసారే చూశాను. పదిహేడేళ్ళయింది. నా చిన్నకొడుకు లాల్ బాషాకు పది నెలలప్పుడు దగ్గు పట్టుకుంది. నా తోడికోడలు షగుఫ్తా కొత్తగా కాపురానికి వచ్చింది, దానికింకా పిల్లల్లేరు. చాప మీద పడుకున్న నా బిడ్డ పక్కన కూర్చుని, వాడి పొట్ట వైపు అలాగే రెప్ప వేయకుండా చూసి, "అక్కా, వీడు డొక్కలెగరేస్తా ఉండాడు" అంది. మూడో రోజుకు నా బిడ్డ లేడు. పిల్లలు లేనిదాని కన్ను! ఆ రోజు నుంచి దానితో మాట్లాడలేదు, దాని చేతి నీళ్ళు తాగలేదు. తర్వాత దానికి ఇద్దరు పుట్టినా ఎత్తుకోలేదు. కువైట్‌కు సంపాదన కోసం వచ్చానని అందరికీ చెబుతాను. ఒక్క ఇంట్లో దాని కంట పడుతూ బతకలేక వచ్చానని నాకొక్కదానికే తెలుసు.

ఒక బిడ్డను కంటికి అప్పగించాను. ఇంకో బిడ్డను అప్పగించేది లేదు.

ఆ సాయంత్రం ఇసతు కింద బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పైకి పోయి దాని మంచం వెతికాను. దొంగపని అంటే అనండి. దిండు గలీబులో గుడ్డ మూట, మూటలో దండ. పచ్చ ప్లాస్టిక్ పూసలు బారుగా పోయి, ఒక ముడి. ఆ ముడి తర్వాత అన్నీ ఎర్రవి. మొదట్లో ఒక ముడి, చివర ఒక ముడి. మూడు ముడులు. ఎర్రపూసలు చూడగానే ఉన్న ఒక్క అనుమానమూ తీరింది.

మామాకు చూపిస్తే? ముందు ఇసతును కాదు, నన్నే అడుగుతుంది. "ఇంతకాలం నువ్వేం చేస్తున్నావు బషీరా? బిడ్డ నీ దగ్గర కదా?" అంటుంది. పైగా మా అమ్మ చెప్పేది, చేసిన దండను తెంచకూడదు, కాల్చకూడదు, అలా చేస్తే ఎవరి మీద చేశారో వాళ్ళకే తగులుతుంది అని. చేతబడి ముడిలో ఉంటుంది, ముడి విప్పితే ఖలాస్. అంతే కదా అని తలుపు గడియ వేసి, ఖురాన్‌లోని చార్ ఖుల్ చదువుకుంటూ, ఒక్కో ముడి గోళ్ళతో విప్పాను. మూడో ముడి విడిపోగానే పూసలన్నీ జలజలా దుప్పటి మీద రాలాయి.

విప్పినదాన్ని అలా వదిలేస్తే గుట్టు బయటపడుతుంది. దానికేం, మా అమ్మ పెళ్ళికూతుళ్ళకు నల్లపూసల లచ్ఛాలు గుచ్చేది. నేను సూది పట్టింది ఆ ఒళ్ళోనే. మళ్ళీ గుచ్చాను. ఎర్రవి ఇరవై దాకా ఉన్నాయి. వాటిలోనే ఉంది విషం అని, పన్నెండో పదమూడో తీసి బాత్రూములో నీళ్ళు వదిలేశాను. దండ పొట్టిదైతే కనిపెడుతుంది కదా, దానా ఆటపెట్టెలో అలాంటివే పచ్చపూసలు డబ్బాడున్నాయి. దండ మునుపటి పొడుగు అయ్యేదాకా పచ్చవి కలిపాను. మళ్ళీ మూడు ముడులు, ఈసారి బిస్మిల్లా అంటూ వేశాను. పక్కపక్కన పెట్టి చూసినా ఏది ముందుదో ఏది తర్వాతదో ఎవరూ చెప్పలేరు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది. ఇక చేసుకోవే నీ మంత్రం, నీ తాతలు దిగిరావాలి అనుకున్నాను.

నాలుగు రోజులు అంతా బాగుంది. ఇసతు దండ తిప్పడం ఇంకోసారి చూశాను, లోపల నవ్వుకున్నాను కూడా.

బుధవారం దుమ్ము లేచింది. ఇక్కడ దుమ్మంటే ఇంటి గుమ్మాలకు తడిగుడ్డలు కుక్కినా పళ్ళ మధ్య కరకరలాడే దుమ్ము. ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ఆ రాత్రికే హమ్మూదీకి ముక్కు కారడం, దగ్గు. గురువారం క్లినిక్‌కు తీసుకుపోతే అప్పటికి జలుబే అన్నారు, చుక్కలమందు ఇచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం బాబా దానాను తీసుకుని తాతగారింటికి భోజనానికి పోయాడు. బిడ్డకు ఒళ్ళు వెచ్చగా ఉందని మామా ఆగిపోయింది. రాత్రంతా మేలుకుందేమో, వాణ్ణి నాకిచ్చి తన గదిలో పడుకుంది.

పాలసీసా పట్టుకుని వాడి గదిలోకి పోయాను. ఇసతు అక్కడే ఉంది. చొక్కా పైకి ఎత్తి, దండ తిప్పుతోంది. ఈసారి తలుపు వెనక దాక్కోలేదు. పోయి దాని మణికట్టు పట్టుకున్నాను.

కోపం వస్తే నాకు అరబ్బీ రాదు. రాయచోటి మాటే వస్తుంది. "ఏందే నువ్వు చేస్తాండేది? ఏం చేస్తాండావు మా పిల్లోనికి? నేను చూళ్ళేదనుకున్నావా?"

మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది దానికి. అయినా చేయి లాక్కోలేదు. దండను నా కళ్ళ ముందుకు ఎత్తింది.

"ఆంటీ, ఇది సిహ్ర్ కాదు," అంది. "లెక్క. ఊపిరి లెక్క."

"ఊపిరికి లెక్కేంది?"

హమ్మూదీ పొట్ట మీద వేలు పెట్టి చూపించింది. పొట్ట లేచి దిగితే ఒక ఊపిరి. ఒక ఊపిరికి ఒక పూస జరపాలి. ఫోనులో నిమిషం పెట్టుకోవాలి. నిమిషం అయ్యేసరికి వేలు పచ్చలోనే ఉంటే జలుబు. ఎర్రలోకి పోతే ఊపిరితిత్తుల జబ్బు, బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాలి.

"మా ఊళ్ళో డాక్టరు లేడు. ఆసుపత్రికి సగం రోజు నడక. అందుకని ఊరికి ఇద్దరిని ఏరి నేర్పారు. నేను ఐదేళ్ళు చేశాను. మా దగ్గర పిల్లల్ని తీసుకుపోయేవి మూడు. జ్వరం, విరేచనం, దగ్గు. జ్వరమొస్తే వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసేదాన్ని, మలేరియా అయితే మాత్రలిచ్చేదాన్ని. నీళ్ళు నిలవనిచ్చేదాన్ని కాదు. విరేచనానికి ఉప్పు, చక్కెర, నీళ్ళు. దగ్గుకు ఈ పూసలు. తల్లి పక్కన ఏడుస్తుంటే అంకెలు తప్పుతాయి ఆంటీ. పూసలు తప్పవు."

బకెట్టు, సీసా, చాకుతో గీసిన చెంచా ఒకదాని వెనకొకటి కళ్ళ ముందు తిరిగాయి. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది! "మంచి పనైతే దాచుకునేదెందుకు?" అన్నాను.

"ఏజెన్సీలో నాతో ఉన్న పిల్ల నడుము పూసలు తెంచి పారేశారు. సిహ్ర్ అన్నారు. చూపిస్తే నావీ తెంచుతారు కదా. బిడ్డకు అప్పుడప్పుడు చూస్తూ ఉంటాను, మంచిగా ఉన్నప్పటి లెక్క తెలిసుండాలి."

"ఇప్పుడెంత?"

"ఇప్పుడే చూశాను. ఎర్రకు రాలేదు. జలుబే." అని ఒక్క క్షణం ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "నా కంటికి మాత్రం వేగంగా ఉంది. కానీ కన్ను భయపడుతుంది, పూస భయపడదు, పూసనే నమ్మండి అని నేర్పారు."

నా చేతిలోంచి పాలసీసా జారి మంచం మీద పడింది.

నిజం చెబుతాను. ఆ నిమిషంలో నాకు మొదట వచ్చిన ఆలోచన బిడ్డ గురించి కాదు, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాగితం గురించి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. ఎర్రవి ఏ మురుగులోనో కలిసిపోయాయి. రేపు మళ్ళీ క్లినిక్‌కు ఎలాగూ తీసుకుపోతారు. రేపటికి ఏం కాదులే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడు చూశాను వాడి వైపు. వాడు పాలసీసా చూసి కూడా చేయి చాచలేదు. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంజుకుపోతోంది. ఆ గుంట నాకు తెలుసు. చాప మీద, నా బిడ్డ ఒంటి మీద, అదే చోట అదే గుంట. పదిహేడేళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడల్లా కనపడే గుంట.

"ఎర్రవి నేను తీసేసినా," అన్నాను. "పచ్చవి నేను కలిపినా. నువ్వు చేతబడి చేస్తాండావని."

ఇసతుకు మొదట అర్థం కాలేదు. అరబ్బీలో మళ్ళీ చెప్పాను, చేతులతో చూపించాను. దండ వైపు చూసింది, నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడి ఉండేదాన్ని.

"ఎన్ని కలిపావు?"

"పన్నెండో, పదమూడో. లెక్కబెట్టలేదు."

పూసలు గుచ్చేదాని కూతుర్ని. లెక్కబెట్టలేదు!

దండను పక్కన పడేసి ఫోను తీసింది. "నేను పొట్ట చూసి వేలు ఎత్తుతాను. నువ్వు అంకె చెప్పు. గట్టిగా. ఏడవొద్దు, ఏడిస్తే తప్పుతుంది." ఫోను నొక్కింది. దాని వేలు లేచిన ప్రతిసారీ నేను తెలుగులో అంకె చెప్పాను. నలభై తొమ్మిది అన్నప్పుడు ఫోనులో ఇంకా పదకొండు సెకన్లు మిగిలున్నాయి. టింగుమనేసరికి అరవై.

ఇసతు బిడ్డను ఎత్తుకుంది. నేను మామా గది తలుపు బాదాను. తొమ్మిదేళ్ళలో ఆ తలుపు నేను వేలితో తప్ప తట్టలేదు.

మామా జుట్టు ముడేసుకుంటూ వచ్చి ముందు బిడ్డను చూసింది. ఆ తర్వాత ఇసతు మణికట్టుకు వేలాడుతున్న దండను చూసింది. బిడ్డతో పాటు అదీ చేతికొచ్చిందేమో. మామా కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమిటది? నా కొడుకు మీద ఏం చేస్తున్నారు? సిహ్రా?" అంది.

మామా నా మొహం వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఏది నిజమో ఏది అబద్ధమో తేలాలంటే నా మొహమే చూస్తుంది. అంత నమ్మకం. నేను తల దించుకుని ఊరుకుంటే చాలు, సాయంత్రానికి ఇసతు పోలీసు బండిలో ఉంటుంది. దండ సంగతి దానితోనే పోతుంది.

"సిహ్ర్ కాదు మామా," అన్నాను. "బిడ్డకు జబ్బు ఉందో లేదో చూసే లెక్క అది. దాన్ని పాడుచేసింది నేను. వీడికి ఊపిరి ఆడటం లేదు. ముందు బండి తియ్యి, తర్వాత నన్ను తన్ను."

మామా కారు తాళాలు అందుకుంది. అబాయా కూడా కారులోనే వేసుకుంది.

న్యుమోనియా అన్నారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, చేతికి సెలైన్ పెట్టారు. మొదటి రెండు రోజులు వంటింట్లో నేను ఏం వండానో, ఎవరు తిన్నారో నాకు తెలీదు. నమాజు చాప మీద కూర్చుంటే దువా బదులు అంకెలే వచ్చేవి. ఆరో రోజున ఇంటికి తెచ్చారు. మర్నాటిదాకా ఆగుంటే చేయి దాటిపోయేదని డాక్టరు అన్నదట. మామా ఆ మాట చెబుతున్నప్పుడు ఇసతు చేయి పట్టుకుని చెప్పింది. నా వైపు చూడలేదు.

నన్ను తన్నలేదు. ఇఖామా కూడా రద్దు చేయలేదు. వంట నాకే ఉంచింది. హమ్మూదీని మాత్రం ఇసతుకు ఇచ్చేసింది. ఇప్పుడు వాడి పాలసీసా కడగడం కూడా నా పని కాదు. వాడు నన్ను చూసి చేతులు చాస్తే, మామా ఉందా అని అటూ ఇటూ చూసి బుగ్గ గిల్లి వచ్చేస్తాను. కానీ మామాను ఏమంటాను? ఆమె స్థానంలో నేనుంటే ఇంతకంటే ముందే చేసేదాన్ని, ఇంతకంటే ఎక్కువే చేసేదాన్ని.

నిన్న మధ్యాహ్నం ఇసతు దండనూ, దానా పూసల డబ్బానూ తెచ్చి నా ముందు పెట్టింది. "ఆంటీ, నువ్వే గుచ్చు. నాకు ముడి గట్టిగా రాదు," అంది.

పాత దారం విప్పి పూసలు పళ్ళెంలో పోశాను. ఈసారి పైకి లెక్కపెట్టుకుంటూ గుచ్చాను. హమ్మూదీ ఈడు బిడ్డకు నలభై తొమ్మిది పచ్చవి. ముడి. యాభై నుంచి ఎర్రవి. ఇసతు పక్కనే కూర్చుని చూస్తోంది.

"ఆంటీ, ఒకటి అడగనా?" అంది. "ఆ రోజు అంకె తేలకముందే నీకు తెలిసిపోయింది. డొక్క లోపలికి పోతే ప్రమాదమని నీకెవరు నేర్పారు?"

"మా షగుఫ్తా," అన్నాను.

ఆ పేరు నా నోటి నుంచి వచ్చి పదిహేడేళ్ళయింది. సూది అక్కడే ఆగిపోయింది. ఎవరని అడిగింది. చెప్పాను. లాల్ బాషా గురించి చెప్పాను. చాప గురించి, ఆ చూపు గురించి చెప్పాను.

"ఆమె చూసి ఏమంది?"

"ఆసుపత్రికి పోదాం పాక్కా, ఇప్పుడే పోదాం అనింది. ఆటోకు చెప్పొస్తానని చెప్పులు గూడా తొడుక్కునె."

"మరి నువ్వు?"

"నా బిడ్డ మీద కన్నేసినావని దాన్ని బయటికి నెట్టి, తావీజు కట్టిచ్చనీకి దర్గాకు పోతిని."

ఇసతు పళ్ళెంలో మిగిలిన ఎర్రపూసలను వేలితో ఒకచోటికి చేర్చింది. "పూసలు లేకుండానే కనిపెట్టిందా?" అంది చివరికి. "మాకు నేర్చుకోవడానికే నెలలు పట్టింది. మంచి కన్ను ఆమెది."

దండ పూర్తి చేసి ముడి వేసి దాని చేతికిచ్చాను. మిద్దె మీదికి పోయి నా పెద్దకొడుకును అడిగి షగుఫ్తా నంబరు తీసుకున్నాను. వాడు రెండుసార్లు అడిగాడు, "ఎవురిది మా? పిన్నిదా?" అని. ఐమోలో వీడియో కాల్ కలిపాను. రెండో రింగుకే ఎత్తింది. తెర మీద జుట్టు నెరిసిన ఒక ఆడమనిషి.

"అక్కా?" అంది. గొంతులో భయం. "ఎవురికేమాయె అక్కా?"

"ఎవురికీ ఏం కాలేదు మే. ఊరికే చేసినా." నేరుగా అడిగేశాను. "ఆ పొద్దు లాల్ బాషాను చూసి నువ్వు ఆసుపత్రికి పోదామంటివి గదా. నీకెట్ల తెలిసె?"

షగుఫ్తా ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"మా తమ్ముడు అట్లనే పోయినాడక్కా, నా చిన్నప్పుడు," అంది. "అందుకే తెలిసె." కొంగుతో మొహం తుడుచుకుంది. "కానీ నువ్వట్ల అన్నాక, నా కంట్లోనే ఏమన్నా ఉందేమోనని నాకూ అనిపించేది. నా పిల్లోళ్ళు నిద్దరపోతాంటే గూడా వాళ్ళ పక్క తిరిగి చూసేదాన్ని కాదక్కా. గోడ పక్కకు తిరిగి పండుకుంటాంటి."

పదిహేడేళ్ళు నేను దాని మొహం చూడలేదు. అది దాని పిల్లల మొహం చూడలేదు.

"మంచి కన్ను మే నీది," అన్నాను.